ఊదారంగు తిరిగిన మాటలు

కొత్తపేట పండ్ల మార్కెట్ దాటి రైతుబజారు వైపు తిరిగే సందులో చీరల దుకాణం నడిపే బ్రహ్మం ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీయే ముందు చదివేవాడు. చివర ఎవరు ఉంటారో, ఎవరు పోతారో తేలాక గానీ మొదటి పేజీ తెరిచేవాడు కాదు. ఇదేం చదువయ్యా అని ఎవరన్నా అడిగితే, "రాసేటోళ్ళను నమ్మొద్దు. మంచిగ మాట్లాడుకుంట తీస్కపోయి ఏడనో ముంచుతరు. ఎక్కడ ముంచుతడో ముందుగాల జూసుకుంటె మన పానం మనకు నిమ్మలం" అనేవాడు.

ఈ గుణం ఆయనకు చిన్ననాడే పట్టుకుంది. పోచంపల్లి పక్క ఊళ్ళలో పద్మశాలీలకు కులపురాణం చెప్పే కూనపులివాళ్ళు వచ్చేవారు. నిలువెత్తు బొమ్మల గుడ్డ చుట్ట విప్పుతూ, బొమ్మ తరువాత బొమ్మ పుల్లతో చూపిస్తూ రాగం తీసేవారు. ఊరంతా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే బుడ్డ బ్రహ్మం గుడ్డ వెనక్కి పాకి, ఇంకా విప్పని చుట్టలోకి తల దూర్చి ఆఖరి బొమ్మ చూసి వచ్చేవాడు. ఒకసారి దొరికిపోయి పుల్లదెబ్బ తిన్నాడు. దెబ్బ కంటే ఎక్కువ గుర్తున్నది ఇంకొకటి. మేనత్త ఊరికి వెళ్తే అక్కడా వాళ్ళే కథ చెబుతున్నారు. మొన్న తమ ఊరి పెద్దమనిషికి అన్న పొగడ్తలే, అక్షరం పొల్లుపోకుండా, ఆ ఊరి పెద్దమనిషికి అంటున్నారు. వినేవాణ్ణి బట్టి కథ ముఖం మారుస్తుందని ఆరేళ్ళ వయసులో తెలిసిపోయినవాడు అరవై ఏళ్ళకు ఎవరిని నమ్ముతాడు?

నమ్మకపోయినా చదవకుండా ఉండలేడు. ఆ పిచ్చే భానుమూర్తిని ఆయనకు దగ్గర చేసింది. భానుమూర్తిది బాపట్ల వైపు. టెలిఫోన్ల శాఖలో కొలువు చేసి, రిటైరై, వనస్థలిపురంలో కొడుకు మురళీకృష్ణ దగ్గర ఉంటున్నాడు. ఎప్పుడో భార్యకు చీర కొనడానికి వచ్చి, గల్లా మీద వారపత్రిక చూసి, "ఈ వారం సీరియల్ చదివారా అండీ?" అని అడిగాడు. అంతే. అప్పటినుంచీ గురువారం గురువారం, పత్రిక వచ్చిన రోజు, ఆయన బస్సెక్కి వచ్చి ఈ దుకాణంలో స్టూలు మీద కూర్చోవలసిందే. ఒక వారం ఈయన పైకి చదివితే ఆయన వినేవాడు, ఒక వారం ఆయన చదివితే ఈయన వినేవాడు. అచ్చులో 'వస్తున్నాను' అని ఉంటే బ్రహ్మం 'ఒస్తున్న' అని చదివేవాడు. భానుమూర్తి కళ్ళజోడు పైనుంచి చూసేవాడు గానీ దిద్దేవాడు కాదు. పేజీ ఒకసారి తిప్పాక వెనక్కి తిప్పడం ఆయనకు గిట్టేది కాదు. "ముందుకు పోవడమేనండీ చదవడమంటే. వెనక్కి వెళ్ళడం అనుమానం." చివరి పేజీ ముందు చదివేవాడూ, వెనక పేజీ మళ్ళీ చూడనివాడూ ఒకే సీరియల్ మీద ఇన్నేళ్ళు ఎట్లా బతికారో వాళ్ళకే తెలియాలి.

ఉద్యమం రాజుకున్నాక దుకాణంలో ఒక కట్టుబాటు వచ్చింది. ఎవరూ చెప్పి పెట్టింది కాదు. దినపత్రికను మొదటి పేజీ కిందికి పెట్టి గల్లా మీద ఉంచేవారు. ఆంధ్రా అన్న మాట ఈయన నోట రాదు, తెలంగాణ అన్న మాట ఆయన నోట రాదు. బంద్ రోజుల్లో ఆ సందులో అందరిలాగే బ్రహ్మం కూడా షట్టర్ సగం దించేవాడు. పూర్తిగా మూస్తే బేరం పోతుంది, పూర్తిగా తీస్తే రాయి పడుతుంది. తెలిసినవాళ్ళు వంగి లోపలికి వచ్చేవారు. భానుమూర్తి ఆరడుగుల మనిషి, పైగా నడుం నొప్పి. ఆయన వంగడం ఒక ప్రయాణం.

అయితే సకల జనుల సమ్మెకు రెండేళ్ళ ముందు డిసెంబరులో ఒక గురువారం సగం షట్టర్ కూడా నిలవలేదు. మెయిన్ రోడ్డు మీద ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలియని ఉరుకులు, పొగ. బ్రహ్మం షట్టర్ నేలదాకా లాగి లోపల చీకట్లో చీరల మధ్య కూర్చున్నాడు. అప్పుడు రేకు మీద దబ్‌మని చప్పుడైంది. ఒక్కసారి. రాయా, చెయ్యా? ఆయన కదలలేదు. గొడవ సద్దుమణిగాక షట్టర్ లేపి చూస్తే వాకిట్లో రాయి లేదు. రాయి విసిరినవాడు మళ్ళీ ఏరుకుపోడు కదా!

తరువాతి గురువారం భానుమూర్తి మామూలుగానే వచ్చాడు. పత్రిక తీసి, "మీ వంతండీ" అన్నాడు. అడగలేదు, చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే బ్రహ్మంలో ముల్లై ఉండిపోయింది. ఆరోజు భానుమూర్తి వచ్చి రేకు కొట్టాడా, రాలేదా? వచ్చి ఉంటే ఎందుకు అనడు? అనకుండా ఎక్కడ దాచుకుంటున్నాడు?

అట్లా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పత్రిక కట్టలు రావడం మానేశాయి. ఆఖరున వచ్చిన సంచికలో ఒక మూల చిన్న ప్రకటన: ఇంటర్నెట్‌లో ఒక తెలుగు కథ ఉంది, దానికి చివరి పేజీ లేదు, ఏ దారిన చదువుకుంటారో మీ ఇష్టం. కింద వెబ్‌సైటు పేరు.

"చివరి పేజీ లేదా! ఇది మీకోసమే పెట్టారండీ బ్రహ్మంగారూ, మీ రోగానికి మందు" అని భానుమూర్తి నవ్వాడు.

"లేకుంటెట్లుంటది సారూ? దాసి పెడ్తరు. నేను దొరకబడ్త" అన్నాడు బ్రహ్మం.

ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు చదివి, వచ్చే గురువారం మాట్లాడుకుందామని ఒప్పందం.

బ్రహ్మం బిడ్డ అరుణశ్రీ ఎంసీయే చదువుతోంది. సమ్మెకు కాలేజీ మూసేస్తే ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే ఉంది. నెట్ డాంగిల్ గుచ్చి కథ తెరిచి ఇచ్చింది. బ్రహ్మం మొదట వెతికింది రాసినవాడి పేరు. రెండే పొడి అక్షరాలు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఆ రోజుల్లో ఎవరు ఎదురుపడినా 'మీది ఏ ఊరు?' అనే అడిగేవారు. ఊరు తెలిస్తే ఏ మాట ఎక్కడ ఆపాలో తెలిసేది. ఊరు చెప్పకుండా కథ చెప్పేవాడు తప్పకుండా ఏదో దాస్తున్నాడు.

కథ చిన్నగా మొదలైంది. ఎల్బీనగర్ దగ్గర ఒక ఇల్లు. కింద ఇంటి యజమాని అంతయ్య, ఒకప్పటి నేతగాడు. వరండాలో పాత మగ్గం. పై వాటాలో కిరాయికి త్రినాథరావు, కోస్తా మనిషి. బంద్ రోజు, వాన. బస్సు లేక త్రినాథరావు నడిచి వచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. అంతే, పేజీ అయిపోయింది. నాలుగు మాటలు మాత్రం నీలిరంగులో, కింద గీతతో ఉన్నాయి.

బ్రహ్మం ఆ నాలుగు మాటలనూ ముట్టకుండా, తక్కిన కథను రెండుసార్లు చదివి, "గింతేనా? గిది కతనా!" అన్నాడు.

"నీలం ఉన్న మాట మీద నొక్కు నాయినా."

"గవి ముట్టరాదు గద."

"ఎవరు చెప్పిన్రు ముట్టరాదని?"

ఎవరు చెప్పాలి? నూలుకు చిటికి కట్టిన చేతులవి. దారాల మీద గుర్తు పెట్టి, ఆ గుర్తుల దగ్గర రబ్బరు చుట్టి ముడివేసి రంగులో ముంచుతారు. ముడివేసిన చోట రంగు పట్టదు, అదే తరువాత పువ్వవుతుంది. అద్దకం ముగిసేదాకా ముడి మీద చెయ్యి వేస్తే చీరంతా చెడిందన్నమాటే. గుర్తు పెట్టిన చోటు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవడం బ్రహ్మానికి తండ్రి నేర్పిన మొదటి విద్య.

అరుణశ్రీ కడుపు పట్టుకుని నవ్వింది. "నాయినా, గీడ ముడి విప్పితేనే కత!"

విప్పాడు. నాలుగు మాటల్లో ఆయన వేలు తనంతట తానే 'మగ్గం' మీదికి పోయింది. కొత్త పేజీ వచ్చింది. పాత మగ్గం మీద ఊరికే కూర్చున్న అంతయ్యకు వాన చప్పుడులోంచి ఒక దగ్గు వినబడుతుంది. రోజూ మేడమెట్ల మీద వినే దగ్గు. లేచి వెళ్ళి తాళం తీస్తాడు. 'తడిసిన్రు గద సారూ' అని లోపలికి పిలిచి చాయ్ పోస్తాడు. కథ అక్కడ ఆగింది. బ్రహ్మానికి తృప్తిగానే ఉంది. అయినా ల్యాప్‌టాప్ ఎత్తి కింద చూశాడు, చివరి పేజీ ఏమన్నా ఉందేమోనని కాదు, ఊరికే.

గురువారం భానుమూర్తి వనస్థలిపురం నుంచి షేర్ ఆటోలో కొంత, నడిచి కొంత వచ్చి షట్టర్ కింద వంగి లోపలికి దూరాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాగేశ్వరి నెట్ సెంటర్‌లో కూర్చుని చదివాడట.

"మనసు పాడైపోయిందండీ. పాపం, ఆ త్రినాథరావు" అన్నాడు స్టూలు మీద కూర్చుంటూనే.

"పాపమెందుకు? మంచిగనే ఉన్నడు గద. అంతయ్య గేటు దీసె, చాయ్ పోసె."

"గేటు తీయడమా? ఎవరు తీశారు?"

"అంతయ్యనే."

"లేదండీ. ఎంతకీ తీయలేదు. ఆయన వానలో చువ్వలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. లోపల లైటు వెలుగుతోంది. మనిషి లోపలే ఉన్నాడు. తీయలేదు."

మనిషి లోపలే ఉన్నాడు అన్నప్పుడు భానుమూర్తి చూపు షట్టర్ మీద ఉంది. ఉందని బ్రహ్మానికి అనిపించింది. రెండేళ్ళనాటి ముల్లు కదిలింది.

"సారూ, మీకు నా మీద ఏమన్న ఉంటె సక్కగ చెప్పున్రి. కత మీద పెట్టి పొడుసుడెందుకు?"

"నేను పొడవడమేంటండీ? తీయని గేటు తీశాడని మీరు చెబుతున్నారు. ఎందుకు చెబుతున్నారో మరి."

"అంటె నేను అబద్దమాడిన్నా?"

"నేనా మాట అనలేదు."

"రాసినోడు నాకొకటి, మీకొకటి రాసి పెట్టిండేమో తియ్యి. గిప్పుడన్నీ గట్లనే నడుస్తున్నయి."

"అంటే ఆంధ్రావాళ్ళకొకటి, మీకొకటా?"

ఆ మాట ఆ దుకాణంలో పడటం అదే మొదటిసారి. ఇద్దరూ దానివైపే చూస్తున్నట్టు కాసేపు నేల చూశారు. భానుమూర్తి లేచాడు. వచ్చేటప్పుడు జాగ్రత్తగా వంగిన మనిషి పోయేటప్పుడు మరిచిపోయి నుదురు రేకుకు కొట్టుకుని, అయినా ఆగకుండా వెళ్ళిపోయాడు.

వారమంతా బ్రహ్మం ఎవరికీ సరిగ్గా చీర చూపించలేదు. ఆయన లెక్కలో రెండే దారులు. మూర్తి సారు కల్పించి దెప్పాడు, లేదా కథే మనిషిని చూసి మారుతోంది. మొదటిది నిజమైతే ఇన్నేళ్ళ గురువారాలు వ్యర్థం. రెండోదైతే, చిన్నప్పటి కథలవాళ్ళలా ఊరికో పాట పాడే రకం అన్నమాట ఆ కంప్యూటర్లు. ల్యాప్‌టాప్ తీసుకుని అరుణశ్రీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. అడిగితే, "మారదు నాయినా, అందరికీ ఒక్కటే" అని ఫోన్‌లో చెప్పింది. బిడ్డను నమ్మడు అని కాదు, కంప్యూటర్ చదువు చదివినవాళ్ళు కంప్యూటర్ తరఫునే మాట్లాడతారని ఆయన అనుమానం. భానుమూర్తి కూర్చున్నచోటే కూర్చుని చూడాలి.

బుధవారం పొద్దున దుకాణం బంద్ పెట్టి దిల్‌సుఖ్‌నగర్ నడిచాడు. బస్సులు లేని ఆ రోడ్డు కొత్తగా గుండు కొట్టించుకున్న మనిషిలా ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక నుంచి మెట్లెక్కితే నాగేశ్వరి సెంటర్. నడిపే నాగేశ్వరికి యాభై దాటి ఉంటాయి. కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఐడీ ఉన్నదా పెద్దాయనా?"

"ఐడీ ఎందుకమ్మా? కత సదవనీకి ఒచ్చిన."

"కత సదివినా, బాంబు జేసినా ఐడీ గావాలె. పోలీసోళ్ళ రూలు."

ఓటరు కార్డు చూపించాడు. ఆమె దాన్ని తిప్పి చూసి, "తెలుగు కతనా? అయితె గా మూల దాంట్ల కూసో. దాంట్లనే అచ్చరాలు సక్కగొస్తయి. మిగిలిన వాటిల్ల అన్నీ డబ్బాలు డబ్బాలు" అంది.

"పొడుగు సారొకాయన ఒచ్చి దీంట్లనే కూసున్నడా?"

"ఆయన బందువా నువ్వు? దాంట్ల తెలుగు సదివినోడు ఆయనొక్కడే. మిగిలినోళ్ళంత అప్లికేషన్లు, బొమ్మలు."

తానే తెరిచి ఇచ్చింది. బ్రహ్మం ఒక్కొక్క వాక్యం వేలితో తాకుతూ చదివాడు. అదే ఇల్లు, అదే వాన, అదే గేటు. అక్షరం మారలేదు. కానీ రంగు మారింది! ఇంట్లో నాలుగు మాటలూ నీలంగా ఉండేవి. ఇక్కడ 'గేటు' ఊదా, 'బస్సు' ఊదా, 'త్రినాథరావు' ఊదా. 'మగ్గం' ఒక్కటే నీలం. రంగుల్లో చేతులు ముంచి పెరిగినవాడు, రంగు తనంతట తాను మారదని తెలిసినవాడు.

"అమ్మా, గిదెవడో మార్చిండు."

"ఎవ్వడు మార్చలే. ఒకపారి నొక్కినయి గట్లయితయి. ఎవలన్న నొక్కితె ఊదా, ముట్టకుంటె నీలం."

బ్రహ్మం ఊదా మాటలను వేలితో లెక్కపెట్టాడు. తరువాత 'గేటు' మీద నొక్కాడు. త్రినాథరావు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు, లోపల లైటు. కాబట్టి మూర్తి సారు అబద్ధం ఆడలేదు! ఆ పేజీలో తాళం, చువ్వలు, లైటు అన్నీ ఊదా. తాళం మీద నొక్కితే తాళం తడిసి చల్లగా ఉంది. ఆ పేజీలోనూ అన్నీ ఊదాయే. చెప్పులు ఊదా, పక్కింటి కుక్క ఊదా, వీధి దీపం ఊదా. బస్సు వైపు పోతే అక్కడా అంతే. ఎటు తిరిగినా తనకంటే ముందు ఒక మనిషి తిరిగి వెళ్ళిన జాడే, ఎటు తిరిగినా చివరికి మూసిన గేటే. ముందు బ్రహ్మం మనసు మంచి వైపు పోలేదు. గేటు తీయలేదని నిరూపించడానికే ఇంత తవ్వాడా, నా మొహాన కొట్టడానికి?

"గా సారు ఎన్నడొచ్చిండమ్మా?"

"మొదలు ఒకపారి ఒచ్చిండు, జరసేపు కూసొని పోయిండు. మల్ల మొన్న శుక్రారం, శనారం ఒచ్చి కూసున్నడు సూడు, కరెంటు పోయినా లేస్తలేడు. నుదుట బొప్పి గూడ ఉండె పాపం. 'ఎక్కడో తీసే ఉంటాడమ్మా, మా ఫ్రెండు చదివాడు' అని నన్నడుగుతుండు. నేను రాసిన్నా కత!" అని ఆమె చిక్కుడు తొక్కలు దులిపింది.

శుక్రవారం, శనివారం. అంటే మాటామాటా అనుకున్నాక. నుదురు కొట్టుకున్నాక.

బ్రహ్మం మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు. మగ్గం నీలంగా, ఎవరి చెయ్యీ తగలకుండా ఉంది. నొక్కబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాను నొక్కితే అదీ ఊదా అయిపోతుంది.

కిందికి దిగి మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు మోగింది.

"చెప్పండి" అన్నాడు భానుమూర్తి, పొడిగా.

"సారూ, మొదటి పేజీల మగ్గం అని ఉంటది. దాని మీద నొక్కలే మీరు."

"మీకెలా తెలుసు నేను నొక్కలేదని?" గొంతులో అనుమానం వినబడుతూనే ఉంది. "ఆ సెంటర్ ఆవిడ చెప్పిందా? నా మీద నిఘా పెట్టారా ఏంటండీ?"

"నొక్కినవన్ని రంగు తిరిగినయి సారూ. గదొక్కటి తిరగలే."

"మగ్గమా? అది వరండాలో సామాను కదండీ. దాంట్లో ఏముంటుంది? గేటు తెరవాలంటే గేటు మీదే కదా నొక్కుతాం!"

"సామానా!" అన్నాడు బ్రహ్మం. కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. "మీరు బయటనే తిరిగిన్రు సారూ. తీసేటోడు లోపల గూసున్నడు."

"చాలు చాలు, మిగతాది చెప్పకండి. మీ చివరి పేజీ రోగం నాకంటించకండి." కాస్త ఆగి, "రేపు గురువారం. షాపు తీసే ఉంటుందా?" అన్నాడు.

"సగం."

"సరే" అని పెట్టేశాడు. వస్తానన్నాడో, రాననే అన్నాడో ఆ సరేలో తేలలేదు.

గురువారం బంద్ గట్టిగానే ఉంది. బ్రహ్మం షట్టర్ సగం దించాడు. పొడుగు మనిషి నుదురు తలుచుకుని ఇంకో జానెడు పైకి లేపాడు. సందు మొదట్లో అరుపులు వినబడితే మళ్ళీ ఆ జానెడూ దించాడు. పత్రిక లేదు, బేరం లేదు. లోపల కూర్చుని షట్టర్ కింద పోయే కాళ్ళు చూస్తున్నాడు. సగం షట్టర్ కింద నుంచి లోకం మోకాళ్ళదాకానే కనబడుతుంది. ఏ కాళ్ళు ఏ పని మీద పోతున్నాయో పోల్చుకోలేం. ఒక జత బూట్లు ఆగితే పోలీసేమో అనిపించింది. ఉరికే కాళ్ళు కనబడితే తాళంచెవి మీదికి చెయ్యి పోయింది. పండ్ల మార్కెట్ నుంచి కుళ్ళిన బత్తాయిల వాసన వస్తోంది. రాడేమో అనుకున్నాడు. వచ్చినా, చదవడానికి వస్తాడో, షట్టర్ ఎంతవరకు తీసి ఉందో చూసి పోవడానికి వస్తాడో అని కూడా అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక గురువారాలు ఆ స్టూలు దగ్గర కనబడే గోధుమరంగు చెప్పులు రెండు నింపాదిగా వచ్చి ఆగాయి. దారి లేక కాదు, వంగితే లోపలికి రావచ్చు. ఆ చెప్పుల మనిషి వంగలేదు. రేకు మీద అరచేత్తో ఒక్కసారి కొట్టాడు.

దబ్.

రెండేళ్ళుగా బ్రహ్మం చెవిలో ఉన్న చప్పుడది. ఆనాడు పడింది కూడా రాయి కాదు, చెయ్యే.

లేచి వెళ్ళి, బంద్ అని కూడా చూడకుండా, షట్టర్‌ను రెండు చేతులతో పైకంటా నెట్టాడు.